తుంగచాప పక్కన ఇంగ్లీషు పాఠం

కిందటి వారం మా కోడలు బజారునుంచి కొత్త తుంగచాప తెచ్చి వసారాలో పరిచింది. కొత్త తుంగచాపకు ఒక వాసన ఉంటుంది. పచ్చిగడ్డి వాసన కాదు, బురద వాసనా కాదు. నీళ్ళలో నానిన తుంగ ఎండలో ఆరి, మళ్ళీ తడిసి, మళ్ళీ ఆరితే వచ్చే వాసన అది. ఆ చాపమీద మా మనవరాలు అటూ ఇటూ నడుస్తూ ఇంగ్లీషు వ్యాసం బట్టీ పడుతోంది. పదో తరగతి. వ్యాసం పేరు రైలు ప్రయాణం. ఈ పిల్ల బుద్ధెరిగాక రైలెక్కని సంవత్సరం లేదు. అయినా గైడులో ఎవరో ఎక్కిన రైలునే ఎక్కుతుంది, ఆ కిటికీలోంచి కనబడే కొండలనే చూస్తుంది. మధ్యలో ఒక మాట మరిచిపోతే మొదటి స్టేషనునుంచి మళ్ళీ బయల్దేరుతుంది. వాసన ఒక పక్కనుంచీ ఆ గొంతు ఇంకో పక్కనుంచీ వస్తుంటే నాకు కరుణమ్మ టీచరుగారు గుర్తొచ్చారు. గుర్తొచ్చారంటే మరిచిపోయానని కాదు. ఇన్నేళ్ళలో ఆవిడ గురించి ఎవరికీ వరసగా చెప్పలేదు, అంతే.

అవి ముప్పయిల నాటి రోజులు. మా ఊరు మండవల్లి దాటాక కొల్లేటి అంచున ఉంటుంది. వరి పండితే మాది, కొల్లేరు పొంగితే కొల్లేటిది. మా నాన్నకు నన్ను చదివించాలని పట్టుదల ఉండేది గాని, ఆ పట్టుదలకు గడువు కూడా ఉండేది. స్కూలుఫైనల్ పరీక్షలో నేను లెక్కలు, చరిత్ర, తెలుగు అన్నీ గట్టెక్కి ఇంగ్లీషు దగ్గర చతికిలబడ్డాను. నాన్న కోప్పడలేదు. కోప్పడితే బాగుండుననిపించేంత నెమ్మదిగా, "ఇంకొక్కసారి చూద్దాంరా రత్నం. ఈసారీ పోతే మీ మావయ్య మిల్లులో కాటా దగ్గర నుంచుందువుగాని" అన్నాడు. మా మేనమామకు తాడేపల్లిగూడెంలో బియ్యపు మిల్లు ఉండేది. కాటా దగ్గర నుంచోవడమంటే బస్తాలు ఎక్కించడం, దించడం, పొద్దు గుంకేదాకా ముల్లు వంక చూడడం. అది చిన్న పనని నేననను. నాకు మాత్రం బందరు వెళ్ళి కాలేజీలో చదవాలని ఉండేది. ఇంకో ఏడాది బడికి పంపే ఓపిక నాన్నకు లేదు కాబట్టి ప్రైవేటుగా కట్టమని, మావయ్య ఇంట్లో ఉండి చదువుకోమని గూడెం పంపించాడు.

మావయ్య హాస్యప్రియుడు. "పాసైతే కాలేజీ, తప్పితే కాటా. ఎలా చూసినా మావాడికి ఉద్యోగం ఖాయం" అని వచ్చినవాళ్ళందరితో అనేవాడు. ట్యూషను సంగతి వచ్చినప్పుడు, "మిషను బళ్ళో ఒక టీచరమ్మ ఉందిరా. ఇంగ్లీషు బాగా చెబుతుందంటున్నారు. ఆవిడ కూడా ఇంగ్లీషు తప్పిందట" అన్నాడు.

"తప్పినావిడ దగ్గర నేనేం నేర్చుకుంటాను మావయ్యా?"

"ఎక్కడ తప్పిందో చెబుతుందిగా. నువ్వు ఆ చోట తప్పకుండా ఉంటే చాలు."

తరవాత తెలిసిన విషయం ఏమిటంటే, కరుణమ్మగారు కూడా ఆ ఏడాది నాతోపాటే అదే పరీక్షకు కడుతున్నారు. ఆవిడ పాతకాలపు ట్రైనింగుతో మిషను బళ్ళో చేరి, పై క్లాసుల పిల్లలకు ఇంగ్లీషు చెబుతూ ఉన్నారు. ఇప్పుడు రూలు మారింది. పై క్లాసులకు చెప్పేవాళ్ళు స్కూలుఫైనల్ పాసై ఉండాలన్నారు. ఆవిడ ఒకసారి కట్టారు, ఇంగ్లీషు పోయింది. ఈసారి ఫలితాలు వచ్చేదాకా ఆగుతామని, అప్పటికీ కాకపోతే వేరేవాళ్ళను చూసుకుంటామని బడివాళ్ళు మర్యాదగానే చెప్పారు. ఆవిడా, తల్లీ ఉండే రెండు గదుల పెంకుటిల్లు కూడా బడిదే. అంటే ఉద్యోగం పోతే ఇల్లూ పోతుంది. ఈ మాటలు ఆవిడ నాకు మొదటి రోజునే, పాఠం పేజీ చూపించినంత మామూలుగా చెప్పేశారు. అప్పటికి ఆవిడకు ముప్పయి ఏళ్ళు నిండి ఉండవు. తెల్లచీర, నున్నగా దువ్విన జుట్టు. నవ్వితే పెదవులకన్నా ముందు కళ్ళు నవ్వేవి. కాని తరచుగా నవ్వేవారు కాదు.

ఇంటి వసారాలో ఆవిడ తల్లి ఎస్తేరమ్మ చాపలు నేస్తూ ఉండేది. నేలమీద రెండు కర్రల మధ్య జనపదారాలు బిగించి ఉండేవి. పొడుగాటి పుల్ల చివర తడితుంగ పోచను తగిలించి దారాల మధ్యగా అవతలికి తోసేది. చెక్కబద్దను ముందుకు లాగి టప్పున కొట్టేది. మళ్ళీ పోచ, మళ్ళీ టప్. వయసొచ్చిన కుర్రాణ్ణి ట్యూషనుకు రానిస్తున్నారు కాబట్టి పెద్దావిడ ఎదురుగా ఉండాలనే మర్యాదకోసం అక్కడ కూర్చుందనుకున్నాను. అది సగమే నిజం.

"పాఠం చదివావా?" అన్నారు కరుణమ్మగారు మొదటి సాయంత్రం.

"చదివానండి."

"అయితే చెప్పు."

నేను గొంతు సవరించుకుని ఇంగ్లీషులో మొదటి పేరా అప్పజెప్పడం మొదలుపెట్టాను. ఆవిడ చెయ్యెత్తి ఆపారు. "నాక్కాదు. అమ్మకి చెప్పు. తెలుగులో."

ఎస్తేరమ్మ తలెత్తకుండానే, "చెప్పండి బాబుగారూ. నేను వింటానే ఉంటానండి. నా చేతులు వాటి పని అయ్యి చేసుకుంటాయి" అంది.

"ఆ చేతులు చూస్తూ చెప్పు" అన్నారు కరుణమ్మగారు. "అవి ఆగాయంటే అక్కడ అమ్మకి అర్థం కాలేదన్నమాట. అమ్మకి అర్థం కాలేదంటే నీకూ అర్థం కాలేదని లెక్క. అక్కడికి వెనక్కి వెళ్ళి మళ్ళీ చదువు."

ఇదేం పద్ధతి అనుకున్నాను. మా హైస్కూల్లో ఇంగ్లీషు మాస్టారు ఇంగ్లీషులోనే చదివి, ఇంగ్లీషులోనే అర్థం చెప్పి, ఇంగ్లీషులోనే తిట్టేవారు. పరీక్షకు రాబోయే ప్రశ్నలకు జవాబులు చెబితే మేం రాసుకుని బట్టీ పట్టేవాళ్ళం. ఆ ఏడు మా బడినుంచి మద్రాసు వెళ్ళిన ఇంగ్లీషు పేపర్లన్నీ ఒక్క కామా తేడా లేకుండా ఉండి ఉంటాయి. చదవనంటే కాటా ఉంది కనక తుంగచాప ముందు కూర్చుని పాఠం చెప్పాను. ఒక తపాలా బండివాడు మంచుతుఫానులో దారి తప్పి, కొండదారిలో ఒక ముసలామె ఇంట్లో తలదాచుకునే కథ అది. మంచు అనగానే చేతులు ఆగాయి.

"మంచంటే తెల్లారగట్ల పడేదేనాండి?"

"కాదు. అక్కడ మోకాలి లోతు పడుతుంది."

"మరి వరిచేలేం గానండి?"

"అక్కడ వరి ఉండదు."

"మరేం తింటారండి పాపం?"

నేను కరుణమ్మగారి వైపు చూశాను, కాపాడతారేమోనని. ఆవిడ, "చెప్పు, ఏం తింటారు?" అన్నారు. పుస్తకం తిరగేశాను. ముసలామె ఆ బండివాడికి వేడివేడి బార్లీ జావ పోసిందని రెండో పేజీలో స్పష్టంగా ఉంది. ఆ పేజీ నేను కళ్ళు మూసుకుని అప్పజెప్పగలను. కాని వాడు జావ తాగాడన్న సంగతి నాకు ఆ క్షణందాకా తెలియదు. జావ అని చెప్పాను. "జావైతే మాకూ తెల్సునండి" అంది ఎస్తేరమ్మ. చెక్కబద్ద మళ్ళీ టప్పుమంది. నాకు సిగ్గు వెయ్యలేదు గాని, పుస్తకంలో మనుషులున్నారని మొదటిసారి అనుమానం వచ్చింది.

ఎస్తేరమ్మ మహా మేధావి అని నేను చెప్పడం లేదు. ఆవిడ అడిగే ప్రశ్నల్లో సగం పాఠానికి సంబంధించినవి కావు. ముసలామెకు పిల్లలున్నారా, ఉంటే తల్లిని అలా వదిలేశారేం, బండివాడు పెళ్ళైనవాడా, గుర్రానికి ఎవరు మేత వేశారు. గుర్రాన్ని రచయిత మరిచిపోయాడని నేనంటే, "గుర్రాన్ని మర్చిపోయినోడు ఏం రాస్తాడండీ" అని ఆ రచయితను ఆ రోజుకు కొట్టేసింది. చెప్పినదాన్ని మర్నాటికి తనకు నచ్చినట్టు మార్చుకునేది కూడా. ఆవిడ గొప్పతనమల్లా తెలియనిదాన్ని తెలిసినట్టు నటించకపోవడమే. నేను స్కూలుఫైనల్ దాకా నేర్చుకున్న విద్య సరిగ్గా ఆ నటనే.

ఒక మాట ఇక్కడ చెప్పాలి. ఆవిడ మా అమ్మకన్నా పెద్దది. నన్ను "మీరు" అనేది, "బాబుగారు" అనేది. నేను ఆవిడను ఏమని పిలవాలో తెలియక అసలు పిలవడమే మానేశాను. ఇంటినుంచి మరచెంబుతో మంచినీళ్ళు కూడా పట్టుకెళ్ళేవాణ్ణి. అత్తయ్య ఇచ్చి పంపేది. కరుణమ్మగారు ఆ చెంబును చూసేవారు, ఏమీ అనేవారు కాదు. అది అప్పటి పద్ధతి. ఎప్పుడు మొదలుపెట్టానో గాని, సంక్రాంతి దాటి చలి తగ్గేసరికి నేను కూడా ఎస్తేరమ్మతో "కాదండీ", "అవునండీ" అంటున్నాను. చెంబు మాత్రం వెంట వస్తూనే ఉంది.

పద్యాలూ పాఠాలూ ఇలా ఒక దారికి వచ్చాక, వ్యాసాలు మొదలయ్యాయి. ఇంగ్లీషు రెండో పేపరులో వ్యాసమే ప్రాణం. మొదటిసారి నేను పోయింది కూడా అక్కడే. కరుణమ్మగారు బియ్యపు మిల్లు మీద రాసుకు రమ్మన్నారు. నేను గైడులోంచి దివ్యమైన ఇంగ్లీషు ఎత్తి రాసుకొచ్చాను. అమ్మకి చెప్పమన్నారు. "పరిశ్రమలు దేశానికి వెన్నెముక వంటివి" అన్నాను. చేతులు ఆగాయి.

"ఎవరికి వెన్నెముకండి?"

"దేశానికండి."

"ఏమోనండి" అని ఊరుకుంది. చేతులు మాత్రం కదల్లేదు. కరుణమ్మగారు నవ్వు ఆపుకుంటున్నారు.

"మీ మావయ్య మిల్లులో పొద్దున్నే ముందుగా ఏం జరుగుతుంది?" అని అడిగారు ఆవిడ.

ముందుగా పిచ్చికలు వస్తాయి. ఇంజను కూతకన్నా ముందు వస్తాయి. ఇంజను మొదలవగానే పెద్ద బెల్టు ఊగుతుంది, పిచ్చికలు ఒక్కసారిగా రేకు కప్పుమీదికి లేస్తాయి, బెల్టు చప్పుడు కుదుటపడ్డాక మళ్ళీ దిగుతాయి. తవుడు జల్లించే ఆడకూలీల కనుబొమలు తెల్లబడి అందరూ ముసలివాళ్ళలా కనబడతారు. సాయంత్రం కాలవ దగ్గర మొహం కడుక్కోగానే వాళ్ళ వయసు వాళ్ళకి తిరిగొస్తుంది. ఇవన్నీ నేను చెబుతూ ఉంటే చెక్కబద్ద ఆగకుండా నడిచింది. నేను ఆగిపోయాను గాని అది ఆగలేదు.

"ఇంక దీన్నే ఇంగ్లీషులో రాయి" అన్నారు కరుణమ్మగారు. "నీకు రాని మాట అడ్డమొస్తే, వచ్చిన మాటతో సరిపెట్టు. ఇంగ్లీషు కోసం పిచ్చికల్ని మాత్రం మార్చకు."

ఆ వ్యాసాన్ని ఆరేడుసార్లు తిరగరాయించారు. ఎర్రసిరాతో తప్పులు దిద్దేవారు గాని, నా మాట తీసేసి తన మాట పెట్టేవారు కాదు. ఇప్పుడు తలుచుకుంటే ఆ సంయమనం ఎంత కష్టమో తెలుస్తోంది. నేను తరవాత చాలామంది రాతలు దిద్దాను. ఒక్కరి విషయంలోనూ అలా ఉండలేకపోయాను.

విచిత్రమేమిటంటే, ఈ పద్ధతిని ఆవిడ తనకు వర్తింపజేసుకునేవారు కాదు. చిన్నప్పుడు బోర్డింగు స్కూల్లో ఒక దొరసాని నేర్పిన వ్యాసాలు కొన్ని ఆవిడకు కంఠతా వచ్చు. కొండమీద వేసవి విడిది, ఓడ ప్రయాణం, శీతాకాలపు సాయంత్రం. పొద్దున్న నేను మిల్లుకు వెళ్ళే దారిలో ఆవిడ పెరట్లో మునగచెట్టు దగ్గర నడుస్తూ వాటిని చదువుకోవడం వినబడేది. గొంతు చక్కగా ఉండేది. ఆ ఇంగ్లీషు కూడా, నాకు తెలిసినంతలో, తప్పు పట్టడానికి లేనిది. కాని ఆ కొండా, ఆ ఓడా ఆవిడ చూసినవి కావు. నన్ను గైడు ముట్టుకోనివ్వని మనిషి తాను మాత్రం ఆ కొండ దిగేవారు కాదు. ఒకరోజు పాఠం అయ్యాక ఉండబట్టలేక అడిగాను.

"మీ వ్యాసాలు అమ్మగారికి చెప్పరేంటండీ?"

"నావి వేరు రత్నం" అన్నారు పుస్తకాలు సర్దుతూ.

ఎస్తేరమ్మ నవ్వింది. "నాకు చెప్పదండి బాబుగారూ. చిన్నప్పుడు ఎక్కడికెళ్ళొచ్చినా పూసగుచ్చినట్టు చెప్పేది. వాళ్ళ నాన్న పోయేక మానేసింది. ఆయన ఉపదేశిగా చేసేవారండి. లంకల్లో ప్రార్థనలకి దోనెమీద తిరిగేవారు. కొల్లేట్లో గాలికి దోనె తిరగబడి పోయేరు. ఇదీ ఆ దోనెలోనే ఉందండి, పదేళ్ళ పిల్ల. దేవుడి దయ, ఇది మిగిలింది."

దోనె అంటే తాటిమాను తొలిచి చేసిన చిన్న పడవ. మా వైపు అందరికీ తెలిసిందే. ఇంత మాట చెబుతున్నంతసేపూ ఎస్తేరమ్మ చేతులు ఆగలేదు. పోచ వెనక పోచ వెళ్ళింది, బద్ద పడింది. కరుణమ్మగారు లేచి లోపలికి వెళ్ళి దీపం వెలిగించే పనిలో పడ్డారు. నేను చెంబు తీసుకుని ఇంటికి వచ్చేశాను.

పరీక్ష ఏలూరులో. గూడెంలో పాసింజరు ఎక్కి ముగ్గురం వెళ్ళాం. కరుణమ్మగారూ ఎస్తేరమ్మా ఆడవాళ్ళ పెట్టెలో, నేను పక్క పెట్టెలో. వాళ్ళు మిషను కాంపౌండులో తెలిసినవాళ్ళింట్లో దిగారు. నేను కాలవగట్టున మావయ్య స్నేహితుడి కొట్టు మేడమీద దిగాను. పరీక్ష హాల్లో ఆడవాళ్ళను ఒక చివర, బల్లలు కాస్త ఎడంగా వేసి కూర్చోబెట్టారు. వాళ్ళు నలుగురైదుగురికి మించి లేరు. అందరికన్నా పెద్ద కరుణమ్మగారే. పక్కనున్న పిల్లలు ఆవిడను ఇన్విజిలేటరు అనుకుని లేచి నుంచున్నారట. ఆ సంగతి ఆవిడే చెప్పి నవ్వారు.

రెండో పేపరు నాడు బయటికి వచ్చేసరికి ఆవిడ వేపచెట్టు కింద నుంచుని ఉన్నారు. మొహం తేటగా ఉంది. నాలుగు వ్యాసాలిచ్చి ఏదో ఒకటి రాయమన్నారు. అందులో ఒకటి సెలవుల్లో వెళ్ళివచ్చిన చోటు, ఇంకొకటి మీ ఊళ్ళో జనం పనిచేసే ఒక స్థలం. నేను మిల్లు రాశాను. ఆవిడ, "నా కొండ వచ్చింది రత్నం" అన్నారు. "ఒక్క మాట పోకుండా రాశాను." ఎస్తేరమ్మ మా ఇద్దరికీ చెరో అరటిపండు ఇచ్చింది. నేను తిన్నాను.

ఎండలు ముదిరాక ఫలితాలు వచ్చాయి. పాసైన నంబర్లు పేపర్లో వేసేవారు. పేపరు రైల్లో రావాలి కనక మావయ్య మనిషిని స్టేషనుకు పంపించాడు. నా నంబరు ఉంది. ఆవిడ నంబరు ఉండాల్సిన చోట దాని ముందుదీ తరవాతిదీ ఉన్నాయి. నేను పేపరు పట్టుకుని వెళ్ళలేక మిల్లులోనే కూర్చున్నాను. సాయంత్రం నేను ఇల్లు చేరేసరికి ఆవిడే వచ్చారు, గుమ్మం బయటే నుంచుని, అత్తయ్యతో, "మా రత్నం పాసయ్యాడండీ, చూశారా" అన్నారు. పొట్లంలో బెల్లంముక్క తెచ్చి నా చేతిలో పెట్టారు. నావైపు చూసి, "పిచ్చికలు గట్టెక్కించాయి" అన్నారు. తన సంగతి ఎత్తలేదు. ఎక్కువ రోజులు పట్టలేదు, బడివాళ్ళు చెప్పినట్టే చేశారు. తల్లీ కూతుళ్ళు ఇల్లు ఖాళీ చేసి కొల్లేటి లంకలో ఉన్న ఎస్తేరమ్మ తమ్ముడి ఊరికి వెళ్ళిపోయారు. ఎందుకు తప్పారో మద్రాసువాళ్ళు చెప్పరు. దొరసాని కొండమీదికి ఆ ఏడు ఎంతమంది ఎక్కారో, దిద్దేవాళ్ళకు విసుగొచ్చిందో, నేను చెప్పలేను.

బందరు వెళ్ళేముందు ఒకసారి చూసి రావాలనిపించింది. మా ఊరినుంచి ఆ లంక ఎంతో దూరం కాదు. తొలకరి పడి కొల్లేట్లో నీళ్ళు పెరుగుతున్నాయి. దోనెమీద వెళ్ళాను. సగం దారిలో గాలి అటునుంచి ఇటు తిరిగింది. దోనె ఒక్కసారి పక్కకి ఒరిగితే, గట్టున పుట్టిపెరిగిన నేను కూడా రెండు చేతులతో అంచు పట్టుకున్నాను.

తాటాకు గుడిసె ముందు పందిరి కింద ఎస్తేరమ్మ చాప నేస్తోంది. కరుణమ్మగారు అప్పుడే ప్రార్థనశాలలో పిల్లలకు పాఠం చెప్పి వచ్చారు. కాస్త చిక్కారు. కాలేజీ గురించి అడిగారు, పుస్తకాల గురించి అడిగారు. మళ్ళీ ఎప్పుడు కడతారని నేనడిగితే, "ఇంక కట్టను రత్నం. నాకు రాదని తేలిపోయింది" అన్నారు. కష్టం చెప్పుకుంటున్నట్టు కూడా లేదు. వాన కురుస్తోందన్నట్టుగా అన్నారు. ఊరికే ఉండలేక, "దోనెలో వస్తుంటే గాలి తిరిగిందండీ. భయమేసింది" అన్నాను.

"గాలి తిరిగినప్పుడు దోనెలో నుంచోకూడదండి బాబుగారూ" అంది ఎస్తేరమ్మ, పోచను తోస్తూ. "కూచునే ఉండాలి. దీని నాన్నకి ఎన్నిసార్లు చెప్పేదాన్నో."

"నాన్న నుంచున్నాడమ్మా" అన్నారు కరుణమ్మగారు.

ఆవిడ అది నాతో అన్నట్టుగా లేదు. చాపవైపు చూస్తూ మెల్లిగా చెప్పుకుపోయారు. ఆ రోజు పై లంకలో ప్రార్థన అయ్యాక అక్కడివాళ్ళు చేపల పులుసుతో అన్నం పెట్టారు. తిరిగి వస్తుంటే ఎండ తగ్గింది. గూడబాతులు నీళ్ళమీద బారుగా కూర్చుని ఉన్నాయి. నాన్న వాటిని లెక్కపెట్టమన్నాడు, నేను లెక్కపెడుతున్నాను. అప్పుడు గాలి తిరిగింది. దోనె తోసే గెడ బురదలో దిగబడి రాలేదు. వదిలేస్తే దోనె కొట్టుకుపోతుందని నాన్న దాన్ని లాగడానికి లేచి నుంచున్నాడు. దోనె తిరగబడింది. నీళ్ళు నాన్నకి గుండెదాకానే ఉన్నాయి. నన్ను ఎత్తి బోర్లాపడిన దోనెమీద వేశాడు. ఆయన కాళ్ళు మాత్రం నాచులో, బురదలో చిక్కుకున్నాయి. లాగుతున్నకొద్దీ దిగబడుతున్నాయి. అల వచ్చినప్పుడల్లా మొహం మునుగుతోంది. నేను ఏడుస్తుంటే నవ్వాడు. గెడకోసం నుంచున్నానని మీ అమ్మకి చెప్పకే, తిడుతుంది అన్నాడు. తరవాత ఇంకేం అనలేదు.

అప్పుడు నేను వినడం మానేసి చేతులవంక చూశాను, అలవాటుకొద్దీ. ఎస్తేరమ్మ చేతులు ఆగి ఉన్నాయి. తుంగపోచ దారాల మధ్య సగందాకా వెళ్ళి అక్కడే ఉంది. కరుణమ్మగారు కూడా చూశారు. ఎన్నో నెలలు నాకు నేర్పిన అలవాటే ఆవిడకూ అడ్డమొచ్చింది.

"అర్థం కాలేదా అమ్మా?" అన్నారు.

"అర్థమయిందే" అంది ఎస్తేరమ్మ. "ఉండు."

ప్రార్థనశాల దగ్గర పిల్లలు దేనికో కేకలు వేసుకుంటున్నారు. కాసేపటికి ఎస్తేరమ్మ, "తిట్టేదాన్నే" అంది. "నిజమేలే. గట్టిగా తిట్టేదాన్ని." ఇన్నేళ్ళూ ఆ ఇద్దరూ ఒకే కప్పు కింద ఉన్నారు. ఎక్కడో దొరల దేశంలో మంచులో చిక్కుకున్న బండివాడేం తిన్నాడో నేను ఆవిడకు చెప్పాను. తన భర్త చివరికి ఏమన్నాడో ఆవిడకు ఎవరూ చెప్పలేదు. కూతురు కూడా తండ్రి చెప్పొద్దన్న మాటకు కట్టుబడి ఊరుకుంది. ఆ పూట ఇక చాప ముందుకు జరగలేదు. నేను మంచినీళ్ళు అడిగాను. ఎస్తేరమ్మ లేచి కుండలోంచి ముంచి ఇచ్చింది, తాగాను.

దోనె ఎక్కేటప్పుడు కరుణమ్మగారు రేవుదాకా వచ్చారు. "కూచునే ఉండు" అని హెచ్చరించి, కొంచెం ఆగి, "మార్చిలో ఇంకోసారి చూస్తాను" అన్నారు.

చూశారు, పాసయ్యారు. మావయ్య నాకు బందరుకు కార్డు రాశాడు. మిషనువాళ్ళు మళ్ళీ పిలిచి మండవల్లి వైపే ఒక బళ్ళో వేశారు. చాలా ఏళ్ళు చేశారు, అక్కడే రిటైరయ్యారు, తల్లి పక్కనే ఆవిడను సమాధి చేశారని తెలిసింది. ఆ మూడోసారి పరీక్షలో ఏ వ్యాసం రాశారో నేను అడగలేదు. తరవాత ఎన్నిసార్లు కలిసినా అడగలేదు.

నేను కలెక్టరాఫీసులో గుమాస్తాగా చేరి, నివేదికలు రాసి, ఇతరుల నివేదికలు దిద్ది, సెలవు పుచ్చుకున్నాను. పంట నష్టం, వరద, కాలవ గండి, ఏదైనా సరే, ఇంగ్లీషులో రాసేముందు ఎవరో ఒకరికి తెలుగులో చెప్పేవాణ్ణి. బంట్రోతు దొరికితే బంట్రోతుకు, ఇంట్లో ఉంటే మా ఆవిడకు. వాళ్ళు చేస్తున్న పని ఎక్కడ ఆగితే అక్కడ వెనక్కి వెళ్ళేవాణ్ణి. పై అధికారులు నా ఇంగ్లీషు తేలికగా ఉంటుందనేవారు. మెచ్చుకోలుగా కొందరు, వెక్కిరింతగా కొందరు. చేతులు రెండు రకాలుగా ఆగుతాయని మాత్రం ఆ పందిరి కింద తప్ప ఇంకెక్కడా చూడలేదు. నా రాతలన్నిటికీ ఆగినవి, అర్థం కాక ఆగే మొదటి రకమే.

మనవరాలిని కూర్చోబెట్టి, ఆ రైలు ప్రయాణం నాకు తెలుగులో చెప్పమన్నాను. పరీక్ష దగ్గర పడుతుంటే ఈ గోలేంటి తాతయ్యా అని విసుక్కుంది గాని, కాసేపటికి గుడివాడ స్టేషన్లో తన చెప్పు పట్టాలమీద పడిన సంగతి చెప్పింది. అది గైడులో లేదు.

ఈ నాలుగు మాటలూ రాసేముందు మా ఆవిడకు చెప్పాను. ఆమె చేటలో బియ్యం పోసుకుని రాళ్ళు ఏరుతోంది. గూడెం, మిల్లు, మంచులో బండివాడు, ఏలూరు, అంతసేపూ ఏరుతూనే ఉంది. దోనె తిరగబడ్డ చోట ఆమె చేతులు ఆగాయి. అర్థం కాలేదా అని నేను అడగలేదు.